బస్సు కదిలింది సరే, కెమెరా ఎందుకు కదిలింది?

ప్రశ్న: సర్, నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. విజయవాడ దగ్గర ఒక కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన సెమిస్టర్‌లో ఐదుగురం కలిసి ప్రాజెక్టు కోసం 6 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన అమ్మాయిని వాళ్ల నాన్న బస్సెక్కించి రావడమే కథ. నాన్న పాత్ర మా నాన్నగారే వేశారు. షాట్లు, యాంగిల్స్, మూవ్‌మెంట్స్ అన్నీ వాడి చూపించాలన్నారు కాబట్టి గింబల్ (ఫోన్ కుదుపు లేకుండా పట్టే పరికరం) అద్దెకు తెచ్చి, ఫోన్‌తో ప్యాన్, టిల్ట్, ట్రాకింగ్, చుట్టూ తిరిగే షాట్, ఏదీ వదలకుండా పెట్టాం. ఫ్రెండ్ డ్రోన్‌తో బ్యారేజీ షాట్ కూడా తీశాం. క్లాసులో ఆ డ్రోన్ షాట్‌కి చప్పట్లు కొట్టారు. చివర్లో నాన్న వెనక్కి తిరిగి వెళ్లే చోట మాత్రం సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. మా సర్ "షాట్లన్నీ ఉన్నాయి, సినిమా లేదు" అన్నారు. వచ్చే సెమిస్టర్‌లో 8 నిమిషాలది తీయాలి. పేర్లన్నీ వచ్చు, ఏది ఎప్పుడు వాడాలో రాదు. ఎలా నేర్చుకోవాలి? మంచి కెమెరా కొనాలా? ఇంకో మాట, మా టీమ్‌లో నన్నెప్పుడూ కంటిన్యుటీ (ఏ షాట్‌లో ఏది ఎలా ఉందో ఆ వివరాలు) రాసుకోమంటారు, కెమెరా చేతికివ్వరు. లింకు పంపుతున్నాను, చూడగలరు.

జవాబు: అమ్మా, నీ సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి సౌండ్ తీసేసి. సౌండ్ లేకుండా చూసినప్పుడు మీ నాన్నగారు ఎంత బాగా చేశారో తెలిసింది. బస్సు కదలగానే ఆయన ఒక అడుగు ముందుకేసి ఆగిపోతారు. ఆ అడుగు మీరు చెప్పి వేయించారో, ఆయనే వేశారో తెలియదు గాని, నీ 6 నిమిషాల్లో ఉన్న సినిమా అంతా అక్కడే ఉంది. ఆ అడుగు పడే వేళకు మీ కెమెరా ఎక్కడుందో తెలుసా? ఆయన చెప్పుల దగ్గర. అక్కణ్నుంచి మెల్లగా టిల్ట్ చేసుకుంటూ పైకొచ్చారు. ముఖం దాకా వచ్చేసరికి ఆయన తిరిగేశారు, మనకు దక్కింది వీపు. టిల్ట్ బాగానే తీశారు, ఎక్కడా కుదుపు లేదు. కాని అది తిన్న ఆ 3 సెకన్లలోనే మీ నాన్నగారి ముఖం ఉంది.

ఇది నీ ఒక్కదాని తప్పని చెప్పడం లేదు. నేను మొదట కెమెరా పట్టింది విజయవాడ గాంధీనగర్‌లో ఒక స్టూడియో తరఫున, పెళ్లి వీడియోలకి. గుంటూరులో ఒక ఫంక్షన్ హాల్లో అప్పగింతలు తీస్తున్నప్పుడు, ఏడుస్తున్న ప్రతి ముఖమూ రావాలన్న ఆత్రంతో అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. క్యాసెట్ ఇచ్చాక పెళ్లికూతురి తల్లి చూసి "ఈయనెక్కడ బాబూ?" అని అడిగింది. వెతికితే తండ్రి 2 సెకన్లు ఉన్నాడు, అదీ స్తంభం పక్కన, పక్కకి తిరిగి. అందరి ముఖాలూ వెతుక్కుంటూ తిరిగాను, ఒక్క మనిషి దగ్గర ఆగలేకపోయాను. ఆవిడ అడిగిన ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది. అందుకే నీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

షాట్ల పేర్ల సంగతి కాసేపు పక్కన పెడదాం. బస్సు కదిలే ఆ సీన్‌కి ముందు ఒకటి తేల్చుకోవాలి: ఇది వెళ్లే అమ్మాయి కథా, ఉండిపోయే నాన్న కథా? మీ ఐదుగురూ ఈ మాట అనుకోలేదని సినిమా చూస్తే తెలుస్తోంది. ఒక షాట్‌లో కెమెరా అమ్మాయి పక్కన ఉంటుంది, మరుసటి దాంట్లో నాన్న పక్కన, ఆ తర్వాత ఇద్దరినీ వదిలేసి ఆకాశంలోకి పోతుంది.

నాన్న కథే అనుకో. కెమెరా ప్లాట్‌ఫారం మీద, స్టాండు మీద, కదలకుండా ఉండాలి. ఫ్రేమ్‌లో సగానికి పైగా బస్సే. పక్కన నాన్న నిలబడి ఉంటాడు. బస్సు కదులుతుంది, ఫ్రేమ్ దాటి వెళ్లిపోతుంది. అంతవరకూ బస్సు కప్పేసిన చోటంతా ఇప్పుడు ఖాళీ. అవతలి ప్లాట్‌ఫారం, ఎవరో ఊడుస్తున్న మనిషి, ఒక కుక్క. ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు, ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. ఆ షాట్‌ని 10 సెకన్లు అలా ఉంచు. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు 4 సెకన్లకే కట్ చేయాలని చెయ్యి లాగుతుంది. ఆగు.

అమ్మాయి కథైతే కెమెరా బస్సులో కూర్చోవాలి, ఆమె వెనక సీట్లో, భుజం మీదుగా కిటికీ కనబడేలా. బస్సు కదిలితే చాలు, నువ్వేం కదపక్కర్లేదు. నాన్న కిటికీలో ఈ అంచు నుంచి ఆ అంచుకి జరిగిపోతాడు, ఒక స్తంభం అడ్డొస్తుంది, స్తంభం దాటేసరికి ఆయన చిన్నగా అయిపోయుంటాడు. ఇదీ ట్రాకింగ్ షాటే. పట్టాలు లేవు, ట్రాలీ లేదు, గింబల్ లేదు. బస్సే ట్రాలీ. ఆ అమ్మాయి ఆపలేని ప్రయాణం అది కాబట్టి, ఆ కదలికకు అర్థం దానంతటదే వచ్చేస్తుంది.

రెండూ మంచి షాట్లే. రెండూ ఒకే సినిమాలో ఉండొచ్చు కూడా. కాని ఏది చివరిది అన్నది నువ్వు తేల్చాలి. ఇకముందు షాట్ లిస్టు రాసేటప్పుడు ప్రతి షాట్‌కి ఎదురుగా 'ఎవరి పక్కన' అని ఒక గడి, 'ఎందుకు కదులుతోంది' అని ఇంకో గడి పెట్టు. రెండో గడిలో రాయడానికి ఏమీ తోచకపోతే ఆ షాట్ స్టాండు మీదే తీయండి.

ఇప్పుడు పేర్లకొద్దాం. వైడ్, మిడ్, క్లోజ్ అన్నవాటిని నడుము దాకా, మెడ దాకా అని కొలతలతో గుర్తుపెట్టుకుంటారు పిల్లలు. పరీక్షకి అది చాలు. తీయడానికి మాత్రం మనిషికి మనిషి ఎంత దగ్గరగా వస్తాడో ఆ లెక్కలో ఆలోచించు. వీధి అవతలి నుంచి చూస్తే ఆయనెవరో తెలుస్తుంది, ఏ పని మీద ఉన్నాడో తెలుస్తుంది, అది వైడ్. అరుగు మీద పక్కన కూర్చుని మాట్లాడుకునే దూరం మిడ్. మరీ దగ్గరి క్లోజ్ ఉందే, అంత దగ్గరికి మన ఇళ్లలో ఎవరొస్తారు? జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసే అమ్మ వస్తుంది. పరాయివాళ్లను అంత దగ్గరికి రానివ్వం. నువ్వు మొదటి నిమిషంలోనే, ఆ మనిషి పేరైనా మాకు తెలియకముందే, మీ నాన్నగారి కళ్లు స్క్రీన్ నిండా చూపించేశావు. అసలు అవసరం పడ్డ చోటికి వచ్చేసరికి నీ దగ్గర ఇంకా దగ్గరి షాట్ మిగల్లేదు. ఆ క్లోజ్ దాచుకో.

ఆ క్లోజ్‌లో మీ నాన్నగారి ముక్కు కాస్త పెద్దదిగా వచ్చింది, చూశావా? అది ఆయన ముక్కు తప్పు కాదు. చాలా ఫోన్లలో మామూలు లెన్స్ 24, 26 ఎంఎం దగ్గర ఉంటుంది, అంటే బాగా వైడ్. దాన్ని ముఖం దగ్గరికి తీసుకెళితే ముందున్నది పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఫోన్‌లో విడిగా టెలి లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపేది) ఉంటే అది పెట్టి నాలుగడుగులు వెనక్కి జరుగు. ముఖం ముఖంలా ఉంటుంది, వెనకాల జనం కూడా తగ్గుతారు.

యాంగిల్స్ గురించి నీకు చెప్పిన సూత్రం ఏమిటో ఊహించగలను: లో యాంగిల్ (కింద నుంచి పైకి చూడటం) అంటే బలం, హై యాంగిల్ (పై నుంచి కిందికి) అంటే బలహీనత. దీన్ని ఎక్కాల్లా అప్పజెప్పకు. నాలుగేళ్ల పిల్ల తలెత్తి అమ్మను చూస్తుంటే అది లో యాంగిలే. అక్కడ బలమూ లేదు, గొప్పా లేదు, ఆ పిల్ల ఎత్తు అంతే. ముందు ఎత్తు సంగతి చూసుకో. నీ సినిమాలో నాన్న బెంచీ మీద కూర్చుని టికెట్ మడత పెట్టుకునే షాట్ ఉంది. తీసినవాళ్లు నిలబడి తీశారు. దాంతో ఆయన బట్టతల, వంగిన మెడ కనిపించి, పాపం అనిపించేలా వచ్చింది. ఆ సీన్‌లో ఆయన దిగులుగా లేడు, కూతురికి ఉద్యోగం వచ్చిందని గర్వంగా ఉన్నాడు. మీరు అనుకోకుండానే యాంగిల్ వేరే కథ చెప్పేసింది. తీసే మనిషి కూడా కూర్చుని ఉంటే ఈ తేడా వచ్చేది కాదు. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు కెమెరాని నేల మీద కూర్చున్న మనిషి ఎత్తు కన్నా పైకి రానిచ్చిందే తక్కువ, తర్వాతి సినిమాల్లో అయితే దాదాపు కదపనే లేదు. వాళ్లూ మనలాగే నేల మీద కూర్చుని తినేవాళ్లు. మన ఇళ్లలో తీసేటప్పుడు స్టాండుతో పాటు ఒక పీట కూడా పట్టుకెళ్లు.

ఇక కదలికలు. ప్యాన్ అంటే నిలబడ్డ చోటే ఉండి మెడ తిప్పడం. ట్రాకింగ్ అంటే లేచి నడవడం. జూమ్ అలాంటిది కాదు, ఏ మనిషి కన్నూ ఆ పని చేయదు. అందుకే కారణం లేకుండా వాడిన జూమ్ చూసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. మెడ ఎప్పుడు తిప్పుతాం? ఎవరో పిలిస్తేనో, ఏదో కదిలి పోతుంటే దాని వెంటనో. నీ ప్యాన్లలో మూడింటికి మొదట్లోనూ ఏమీ లేదు, చివర్లోనూ ఏమీ లేదు. ప్యాన్ ఎక్కడ ఆగుతుందో ముందు ఆ ఫ్రేమ్ కట్టుకో, తర్వాత వెనక్కొచ్చి మొదలుపెట్టు.

బ్యారేజీ మీద తీసిన ప్యాన్‌లో స్తంభాలు దడదడలాడాయి కదా. మీరు ఫోన్ పాడైందనుకుని ఉంటారు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, అంటే వరసగా నిలువు గీతలు. సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాని నిలువు గీతల మీదుగా వేగంగా తిప్పితే, ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య స్తంభం ఒక్కసారిగా ఎగిరి పక్కన పడ్డట్టుంటుంది. కెమెరామన్లు పాటించే ఒక లెక్కుంది: ఒక వస్తువు ఫ్రేమ్ ఈ అంచు నుంచి ఆ అంచుకి చేరడానికి దాదాపు 7 సెకన్లు పట్టాలి. బ్యారేజీ మీదికెళ్లి ఒకటి 3 సెకన్లలో, ఒకటి 7 సెకన్లలో తీసి పక్కపక్కన పెట్టి చూడు. ఈ ఒక్క పాఠానికి మన ఊళ్లో అంతకన్నా మంచి బ్లాక్‌బోర్డు లేదు. పరుగెత్తే సైకిలుతో పాటు ప్యాన్ చేస్తే మాత్రం ఇంత ఇబ్బంది ఉండదు, ఎందుకంటే కన్ను సైకిలు మీదే ఉంటుంది, వెనకాల ఏం దడదడలాడినా పట్టించుకోదు.

ట్రాకింగ్ నేర్చుకోవడానికి నీకు రోజూ ఒక ట్రాలీ దొరుకుతుంది, గుంటూరు నుంచి వచ్చే ప్యాసింజరు. విజయవాడ వైపు వచ్చేటప్పుడు ఎడమ కిటికీ దగ్గర కూర్చో. కృష్ణా కెనాల్ స్టేషన్ దాటి వంతెన ఎక్కాక దగ్గరున్నవన్నీ సర్రుమని పోతుంటాయి, ఎగువన బ్యారేజీ నింపాదిగా జరుగుతుంది, ఇంద్రకీలాద్రి కదిలీ కదలనట్టుంటుంది. ఈ మూడు వేగాల తేడాయే ట్రాకింగ్‌కి ప్రాణం. ప్యాన్‌లో ఇది రాదు, జూమ్‌లో అసలే రాదు. కాబట్టి ముందు ఏదో ఒకటి అడ్డు లేకుండా, ఖాళీ గోడ పక్కన ట్రాకింగ్ చేస్తే ఫలితం ఉండదు. దగ్గరగా ఒక కొమ్మో, గ్రిల్లో, ఆగి ఉన్న స్కూటర్లో ఉండాలి. ఫోన్ కిటికీ లోపలే ఉంచు, తలుపు దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

ఇంకొక పెద్ద లోపం మీ టీమ్‌లో ఎవరూ పట్టుకోలేదు: లుక్. నాన్న క్లోజ్‌లో ఆయన కుడివైపు చూస్తున్నారు. కూతురి క్లోజ్‌లో ఆమె కూడా కుడివైపే చూస్తోంది. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరూ మూడో మనిషినెవరినో చూస్తున్నట్టుంది. చూసేవాళ్లు ఇది తప్పని చెప్పలేరు గాని, ఆ ఇద్దరి మధ్యా ఏదో తెగిపోయినట్టు వాళ్లకి తోస్తుంది. దీనికి మందు తేలిక. ఇద్దరు నటులూ నిలబడ్డ చోట, ఒకరి పాదాల నుంచి ఇంకొకరి పాదాలకి ముగ్గుపిండితో గీత గీయండి. వైడ్ గీతకి ఏ పక్కన తీశారో, క్లోజులూ, మన యూనిట్లలో సజెషన్ అంటామే, ఆ భుజం మీదుగా తీసే షాట్లూ అన్నీ ఆ పక్క నుంచే తీయాలి. ఫ్రేమ్‌లో గీత పడకుండా చూసుకుని, వైడ్ తీసేముందు తుడిచేయండి. బస్సుకీ ఇదే లెక్క. మీ బస్సు ఒక షాట్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్లి, మరుసటి షాట్‌లో కుడి నుంచి ఎడమకి వచ్చింది. ఆ అమ్మాయి ఏదో మర్చిపోయి తిరిగొస్తోందేమో అనుకున్నాను.

సాధన ఎలాగంటావా, 8 నిమిషాల ప్రాజెక్టు దాకా ఆగకు. ఇంట్లో ఒక చిన్న పని ఎంచుకో. నాయనమ్మ పూలు కట్టడం అనుకో. ఫోన్ పుస్తకాల దొంతరకి ఆనించి, మూడే షాట్లలో, ఏదీ కదపకుండా తీయి. మర్నాడు అదే పని, ఒక్క షాట్ మాత్రమే కదలాలి. ఎక్కడ కదపాలో తేల్చుకోవడానికి నీకు గంట పడుతుంది, పట్టనీ. తర్వాత మీ వీధి చివర బస్టాపులో ఒకరిని ఒకరు సాగనంపే నిమిషం సీన్‌ని మూడు రకాలుగా తీయండి: అన్నీ స్టాండు మీద, అన్నీ నాన్న పక్క నుంచి, అన్నీ అమ్మాయి పక్క నుంచి. ఎడిటింగ్ నువ్వే చేయి. తీసినవాళ్లకి తెలియని తప్పులు ఎడిటింగ్ టేబుల్ దగ్గరే బయటపడతాయి. సౌండ్ తీసేసి, కథ తెలియని మనిషికి చూపించు. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందనే అంటారు. "ఏం జరిగింది?" అని అడుగు.

కెమెరా కొనొద్దు, ఇప్పుడే కాదు. ఉన్న ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (వెలుగు ఎంత పడాలన్నది), ఫోకస్ లాక్ చేయడం నేర్చుకో. రాత్రి బస్టాండు షాట్లలో లైట్లు మినుకుమన్నాయి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గాని 1/100 వంతు గాని పెడితే ట్యూబ్‌లైట్ల కింద ఆ మినుకు చాలావరకు పోతుంది. కొన్ని ఎల్‌ఈడీ బోర్డులు అప్పటికీ మొండికేస్తాయి, ముందురోజు వెళ్లి టెస్ట్ షాట్ తీసుకోవడమే మార్గం. మధ్యాహ్నం ఎండలో మనుషుల్ని నిలబెట్టి తీయకు, బెజవాడ ఎండకి కళ్ల కింద గుంటలు పడతాయి. పొద్దున 8 లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత బయట, మిగతా టైమంతా వరండా నీడలో. ముఖం మీదికి కాస్త వెలుగు కావాలంటే థర్మోకోల్ షీటో, ఉతికిన తెల్ల పంచో చాలు. కెమెరామన్ సుబ్రతో మిత్రా, బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ తొలి సినిమాకి పనిచేసేనాటికి మిత్రా వయసు 21. అంతకుముందు సినిమా కెమెరా పట్టిందే లేదు. 1956లో వచ్చిన రాయ్ రెండో సినిమాకి స్టూడియోలో కాశీ ఇంటి ముంగిలి సెట్ వేస్తే, పైన తెల్లగుడ్డ కట్టించి, కింద నుంచి దానిమీదికి లైట్లు కొట్టి, ఆకాశం నుంచి పడే మెత్తని వెలుగుని రప్పించాడు. నువ్వు పట్టుకునే పంచె వెనక అంత చరిత్ర ఉంది.

డ్రోన్ విషయం క్లుప్తంగా: డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోకుండా ఎగరేయొద్దు, ఎర్ర జోన్ అయితే కేంద్రం అనుమతి లేకుండా అసలు కుదరదు. బస్టాండులో తీయాలన్నా వెళ్లి అడిగి, అనుమతి తీసుకుని తీయండి.

నీకు కెమెరా ఇవ్వకపోవడం గురించి. ఇది చిన్న విషయం కాదు, నువ్వు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసినా. కంటిన్యుటీ గొప్ప పనే, దాన్ని తక్కువ చేయను. కాని నేర్చుకోవడానికి తీసే సినిమాలో ఒకడే కెమెరా పడితే నేర్చుకునేది ఒకడే. ఐదుగురున్నారు, 8 నిమిషాలు. షూటింగ్ మొదలవకముందే సీన్లవారీగా కెమెరా ఎవరిదో కాగితం మీద రాసి, మీ సర్‌తో సంతకం పెట్టించండి. "ఆడపిల్ల మోయలేదు" అని ఎవరన్నా అంటే, బి.ఆర్. విజయలక్ష్మి 1985లోనే తమిళంలో ఫీచర్ ఫిల్మ్‌కి కెమెరా చేసింది. అప్పటి ఫిల్మ్ కెమెరాల బరువుతో పోలిస్తే నీ చేతిలో ఉన్నది ఫోను. కాగితం రాయించినా ఇవ్వకపోతే సెలవురోజున నువ్వూ, మీ నాన్నగారూ, ఒక స్టాండూ వెళ్లండి. బస్టాపు సీన్ ఇద్దరితోనే తీయొచ్చు, కూతుర్ని చూపించకుండానే.

ఆయన మళ్లీ వస్తానంటే ఇంకొక్క మాట. సినిమాలో ఆయన మోసిన సూట్‌కేసు ఖాళీది, ఒంటి వేలితో ఎత్తేశారు. ఈసారి అందులో నిజంగా బియ్యమో, పచ్చడి సీసాలో పెట్టించు. ఆ బరువుకి ఆయన భుజం ఎటు వంగుతుందో చూశాక, కెమెరా ఏ పక్కన పెట్టాలో తేల్చుకో.